సీరియల్‌లో నేను చంపిన ఇల్లాలు

డబ్బింగ్ రాసే పిల్లలు ఈ మధ్య అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తున్నారు. ఫోను తీసి తాము చేసిన పని చూపిస్తారు. అందులో కొరియా వాళ్లు, స్పెయిన్ వాళ్లు శుభ్రంగా తెలుగులో తిట్టుకుంటూ ఉంటారు. "ఎలా ఉంది మేడం?" అని అడుగుతారు. బాగుందనే చెబుతాను, నిజంగా బాగానే ఉంటుంది. తర్వాత మర్యాదకి మా రోజుల గురించి అడుగుతారు. మా రోజుల్లో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. ఏ పాపం ఎరుగని ఒక ఆడమనిషిని చంపేశాను. కలంతోనే అనుకోండి. కలంతో చంపినా మనిషి లేచొచ్చి నిలదీస్తుందని అప్పటికి నాకు తెలియదు.

ఇరవై ఏళ్ల పైమాట. బందరులో మాదొక లోకల్ కేబుల్ చానెల్. ఇటు గుడివాడ, అటు దివిసీమ, అంతవరకే మా ప్రపంచం. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం పాత సినిమా, సాయంత్రం ఊరి వార్తలు, సందు దొరికితే పుట్టినరోజు శుభాకాంక్షలు. వార్తలు చదవడం నా పని. ప్రకటనలు రాయడం కూడా నా పనే. ఆడగొంతు ఎక్కడ కావాలన్నా నేనే. నగల కొట్టు ప్రకటనలో అత్తగారు నేనే, కోడలూ నేనే. ఇద్దరం బాగానే సర్దుకుపోయేవాళ్లం.

మా ఓనరు గారు మంచివారు. కానీ ఎవరికీ అక్కర్లేని వస్తువు కంటబడితే కొనకుండా ఉండలేరు. ఒకసారి మద్రాసు వెళ్లి, సంచీలో ఆరు టేపులతో దిగారు. అమెరికా వాళ్ల కామెడీ సీరియల్. మొత్తం పదమూడు భాగాలు, మిగతా ఏడూ తర్వాత పంపిస్తారట. అక్కడ ఆడక పదమూడుకే ఆపేశారని ఆయనే చెప్పారు.

"అక్కడ ఆడనిది ఇక్కడ ఆడుద్దా అండీ?" అన్నాను.

"ఎందుకాడదు మేడం గారూ! వాళ్ల టేస్టు వేరు, మన టేస్టు వేరు. మీరు తెలుగులో రాసెయ్యండి, అంతే."

కథ చిన్నది. భార్యతో విడాకులు తీసుకున్న ఒక తండ్రి. ఇద్దరు పిల్లలు అతని దగ్గరుంటారు. వంట రాదు, జడ వెయ్యడం రాదు, బట్టలు ఉతకడం అసలే రాదు. వారం వారం ఏదో ఒకటి మాడుతుంది, లేదా పొంగుతుంది. చూస్తుంటే నాకూ నవ్వొచ్చింది. ఓనరు గారికీ నచ్చింది, ఒక్కటి తప్ప.

"ఆ విడాకుల మాట ఒక్కటీ తీసెయ్యండి. మన స్పాన్సరు పెళ్లి చీరల కొట్టు."

అలా తీసెయ్యడం నాకప్పుడు తప్పనిపించలేదు. తీస్తే ఆ ఇల్లాలిని ఎక్కడ పెట్టాలన్నదే ఆలోచించాను. పుట్టింటికి వెళ్లిందని రాస్తే గుడివాడ ఆడవాళ్లు ఊరుకోరు, ఇంకా ఎందుకు రాలేదని ఫోను చేసి మరీ అడుగుతారు. పై దేశంలో ఉద్యోగమంటే, పిల్లల్ని వదిలి ఏం ఉద్యోగమని అదొక తగవు. పోయిందంటే ఇంకెవరూ ఏమీ అడగరు, జాలిపడతారు. అందుకని పోయిందని రాశాను. "మీ అమ్మ ఇక లేదురా. అమ్మా నాన్నా రెండూ నేనే" అని మొదటి భాగంలోనే తండ్రి చేత చెప్పించాను. ఓనరు గారు కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకుని ఊరుకోక, ఆ ఇంటి గోడ మీదున్న ఒక ఆడమనిషి ఫొటోకి, మేం పెళ్లి శుభాకాంక్షలకి తెర మీద వేసే బంతిపూల బొమ్మ తెచ్చి దండ వేయించారు. ఆ ఫొటోలో ఉన్నది హీరోగారి అక్కయ్య అని నాలుగో భాగంలో తేలింది. అప్పటికి చెయ్యగలిగిందేమీ లేదు, నాలుగో భాగంలో ఆవిడ నవ్వుతూ ఇంటికొచ్చింది. బందరులో ఎవరూ గమనించలేదు, గమనించినా మమ్మల్నేమీ అనలేదు.

ఇక ఆ తండ్రికి గొంతిచ్చిన మనిషి గురించి చెప్పాలి. అతను ఆటోకి మైకు కట్టుకుని ఊరూరా ప్రచారం చేసేవాడు. కొత్త సినిమా వచ్చినా, ఆషాఢం తగ్గింపు ధరలొచ్చినా, పశువుల ఆసుపత్రి శిబిరం పెట్టినా దివిసీమ అంతటికీ ఆ గొంతే కబురు. పమిడిముక్కల నుంచి అవనిగడ్డ దాకా ఆ గొంతు గుర్తుపట్టని ఇల్లు లేదు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. అతనికీ విడాకులయ్యాయి. ఏడేళ్ల కూతురు తల్లి దగ్గర అవనిగడ్డలో ఉండేది. ఆదివారం ఆదివారం తల్లి పాపని చల్లపల్లి బస్టాండుకి తీసుకొచ్చి అప్పజెప్పేది, సాయంత్రం అక్కడే మళ్లీ తీసుకెళ్లేది. ఇవన్నీ నాకు తెలుసు. తెలియక రాశానని చెప్పుకోవడానికి లేదు. కథ వేరు, మనిషి వేరు అనుకున్నాను, అంతే.

మా రికార్డింగు గది గోడల నిండా పాత బొంతలు, పెడన కలంకారీ దుప్పట్లు. ఫ్యాను చప్పుడు పడుతుందని ఆపేసేవాళ్లం. బందరు ఎండలో ఆ గదిలో గంటసేపు నిలబడితే మనిషి ఉడికిపోతాడు. మొదటి రోజు, అమ్మ ఇక లేదన్న ఆ ఒక్క మాట దగ్గర తమ్ముడు ఆగాడు.

"ఈ మాట తప్పదా అక్కా?"

"పెదాలకి సరిగ్గా సరిపోయింది తమ్ముడూ. మార్చితే మళ్లీ మొదటికొస్తాం."

ఎనిమిదోసారికి సరిగ్గా వచ్చింది. ఉక్కపోత వల్ల అనుకున్నాను.

సీరియల్ మాత్రం ఆడింది. సోమవారం కొత్త భాగం వేసి, ఆదివారం దాకా రోజూ సాయంత్రం ఏడింటికి అదే మళ్లీ మళ్లీ వేసేవాళ్లం. ఒకే భాగం ఏడుసార్లు చూసి ఏడుసార్లూ నవ్విన జనం మన జనం. తల్లిలేని పిల్లలని జాలి బాగా పండుతోందని కనిపెట్టి, నేను రెండో భాగం నుంచి ఎక్కడ సందు దొరికితే అక్కడ "మీ అమ్మే ఉంటేనా..." అని చేర్చడం మొదలుపెట్టాను. అమెరికాలో ఆయన అక్కడ ఏ పెనం గురించో మాట్లాడుతున్నాడు. మా దగ్గర పెనం మాడినా పోయినావిడే గుర్తొచ్చేది.

అయిదో భాగం దగ్గరికి వచ్చేసరికి తమ్ముడి గొంతులో ఏదో తేడా వచ్చింది. ముందుగా పట్టుకున్నది మా రికార్డింగు అతను. "మాటలన్నీ పడుతున్నాయి మేడం, మనిషే పడట్లేదు" అన్నాడు. నేను అడిగితే, జలుబన్నాడు తమ్ముడు. నమ్మాను. రెండు ఆదివారాలుగా చల్లపల్లి బస్టాండులో పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని వస్తున్నాడని నాకు అతను చెప్పలేదు.

అది చెప్పింది వేరే మనిషి. ఆరో భాగం నడుస్తున్న వారంలో, ఒక మధ్యాహ్నం పూట ముప్పై ఏళ్లావిడ గొడుగు మడుచుకుంటూ మా ఆఫీసులోకి వచ్చింది. శుభ్రమైన నేత చీర, మెడలో కొలతల టేపు. తీసి రావడం మర్చిపోయినట్టుంది. బల్ల మీద కూర్చోమన్నాను. కూర్చుంది. మంచినీళ్లిస్తే పక్కన పెట్టింది.

"నన్ను చంపింది ఎవరండీ?" అంది.

నాకు అర్థం కాలేదు. తమ్ముడి పేరు చెప్పి, అతని మాజీ భార్యనని చెప్పింది. అతను ప్రచారానికి వెళ్లి ఉంటాడని తెలిసే ఆ వేళకి వచ్చానంది. అప్పుడు అర్థమైంది.

"నేనేనమ్మా. మాటలు రాసేది నేను."

"నేను జాకెట్లు కుట్టుకుని బతుకుతానండి. కొలతలివ్వడానికి వచ్చినావిడ నన్ను చూసి నవ్వుద్ది. ఏవమ్మా, మీ ఆయన రోజూ ఏడింటికి నువ్వు పోయావని ఏడుస్తున్నాడు, నువ్వు చూస్తే ఇంకా మిషను తొక్కుతున్నావే అంటది. ఆయన గొంతు తెలియనోళ్లెవరండీ మా ఊళ్లో?"

"అది కథమ్మా. అమెరికా వాళ్ల కథ."

"వాళ్ల కథలో ఆవిడ పోయిందాండీ?"

"లేదు. విడాకులు తీసుకున్నారు."

"మరి?"

ప్రకటనల్లో సబ్బుకీ పప్పుకీ పేజీలకి పేజీలు రాసిన మనిషిని, ఆవిడ పక్కన పెట్టిన మంచినీళ్లు తీసి నేనే తాగేశాను.

"విడాకులంటే మీకు నామోషీ. చంపెయ్యడానికి మాత్రం నామోషీ లేదు" అంది. గొంతు పెంచలేదు. "కోర్టు చుట్టూ నాలుగేళ్లు తిరిగానండి. ఎన్ని మాటలు పడాలో అన్నీ పడ్డా. మీ నాన్న చెడ్డోడు కాదు, నేనూ చెడ్డదాన్ని కాదు, మాకు కుదరలేదంతే అని పిల్లకి ఎన్నిసార్లు చెప్పుకున్నానో. దానికి అర్థమైంది కూడా. ఇప్పుడు ఏడింటికి వాళ్ల నాన్న గొంతు కోసం టీవీ ముందు కూర్చుంటది. ఆ మాట రాగానే లేచొచ్చి నా చెయ్యి పట్టుకుని చూసుకుంటది. నువ్వు పోవాలని నాన్నకి ఉందా అమ్మా అని అడిగిందండీ. ఏం చెప్పమంటారు? రెండు మూడు ఆదివారాలుగా ఆయన చల్లపల్లి బస్టాండులో పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని పోతన్నాడంట."

"అందుకేనా పాపని పంపట్లేదు?"

"నేనేం పగబట్టి ఆపలేదండీ. పిల్లే వెళ్లనంటంది."

గొడుగు తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"మార్చగలిగితే ఆ మాట మార్చండి. లేదంటే ఆ గొంతన్నా మార్చండి."

గొంతు మార్చడం చిటికెలో పని. కానీ మారిస్తే తమ్ముడికి ఆ పని పోతుంది. పాపకి ఏడింటికి వినపడే నాన్న పోతాడు. ఆ తర్వాత చల్లపల్లి బస్టాండులో ఎన్ని ఆదివారాలు కూర్చున్నా వచ్చేవాళ్లుండరు. నేను చేసిన తప్పుకి అతను కూతుర్ని పోగొట్టుకోవాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఇక్కడ ఇంకొక చిక్కుంది. మిగతా ఏడు టేపులూ అప్పటికి వారం ముందే వచ్చాయి. ఏడో భాగం పెట్టి చూస్తే, ఆఖర్లో తలుపు తీసుకుని మాజీ భార్య లోపలికి వస్తుంది. దండ వేసిన ఫొటోలావిడ కాదు, అసలావిడ. పిల్లలు అమ్మా అని పరిగెత్తి కావలించుకుంటారు. మేం తెల్లబోయాం. ఓనరు గారు మాత్రం తొణకలేదు. "పిన్ని అనండి. చనిపోయినావిడ చెల్లెలు. అచ్చం అక్కలాగే ఉంటుంది" అన్నారు. మన సినిమాలు పుష్కలంగా చూసిన మనిషి. నేనూ సరేనని పిన్ని పేరుతోనే రాసి సిద్ధంగా పెట్టాను.

ఆవిడ వచ్చి వెళ్లిన మర్నాడు రికార్డింగు. ఓనరు గారు ఏదో పెళ్లికి విజయవాడ వెళ్లారు. నేను ఆ పిన్ని కాగితాలు చించేశాను.

డబ్బింగులో మాకో కిటుకు ఉండేది. మీకూ తెలిసే ఉంటుంది. మనిషి మొహం కనపడుతున్నంతసేపూ అతని పెదాలకి మనం బానిసలం. వీపు తిప్పాడా, మన ఇష్టారాజ్యం. ఆ భాగంలో ఆవిడ రావడానికి ముందు, తండ్రి వంటింట్లో గిన్నెలు తోముతూ, కెమెరాకి వీపు పెట్టి నిమిషం పాటు ఆపకుండా మాట్లాడతాడు. అసలు మాటలు ఏమిటంటే, తొట్టిలో నీళ్లు పోవడం లేదు, పైపులు బాగుచేసేవాడు రాలేదు. పిల్లలు బల్ల దగ్గర కూర్చుని ముందు మామూలుగా వింటారు, చివర్లో ఒకరినొకరు చూసుకుని నవ్వేస్తారు. ఆ నిమిషం మీద కూర్చుని పొద్దుణ్నుంచి మధ్యాహ్నం దాకా రాశాను. ఇంత చిన్న కాగితం మీద నేనెప్పుడూ అన్ని కొట్టివేతలు చెయ్యలేదు.

తమ్ముడు వచ్చాడు. ముందు కాగితం ఇవ్వలేదు.

"నిన్న అవనిగడ్డ నుంచి ఆవిడ వచ్చింది తమ్ముడూ. నీకు చెప్పమనలేదు, నేనే చెబుతున్నా. ఎనిమిది సార్లు నీ చేత ఆ మాట అనిపించాను. తప్పు చేశాను. నన్ను క్షమించు."

అతను గోడ మీద కలంకారీ దుప్పటి అంచు సర్దాడు.

"నేనన్నా అనకుండా ఉండాల్సింది అక్కా. పాప రోజూ నా గొంతు వింటుందని ఆశపడ్డా" అన్నాడు.

కాగితం తీసుకుని ఒకసారి చదువుకున్నాడు. మైకు ముందు నిలబడ్డాడు. గిన్నెలు తోముతున్న అమెరికా మనిషి వీపు తెర మీద కనపడగానే మొదలుపెట్టాడు.

"మీకొక అబద్ధం చెప్పానర్రా. అమ్మ పోలేదు. మేమిద్దరం కలిసి ఉండలేకపోయాం, విడిపోయాం. అది చెప్పడానికి నోరు రాక, అమ్మ లేదని చెప్పేశాను. ఎంత తప్పు మాటో అన్నాక తెలిసింది. అమ్మ మంచిది. నాతో కుదరలేదు గానీ, మీకు అమ్మే. అమ్మ ఉంది. హాయిగా ఉంది, ఎప్పుడూ ఉంటుంది. ఇంకెప్పుడూ ఆ మాట అనను."

ఒక్కసారికే వచ్చింది. తెర మీద పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. పైపుల మాటకి నవ్విన నవ్వు, అమ్మ ఉందని తెలిసిన పిల్లల నవ్వుకి అతికినట్టు సరిపోయింది. రికార్డింగు అతను యంత్రం ఆపి, పని ఉన్నవాడిలా బయటికి వెళ్లిపోయాడు. తర్వాత తలుపు తీసుకుని వచ్చే ఆవిడకి నేను గొంతిచ్చాను. నేను చంపినావిడకి నేనే మాటలిస్తుంటే ఒక మాట తప్పింది. రెండోసారి చెయ్యాల్సి వచ్చింది.

ఓనరు గారు పెళ్లి భోజనం చేసి వచ్చి, సోమవారం ఏడింటికి అందరితో పాటు చూశారు. చూసి నేరుగా ఆఫీసుకొచ్చారు.

"ఈ చానెల్ మీదా, నాదా మేడం గారూ?"

"మీదేనండి. తప్పు మాత్రం నాది. అది దిద్దుకున్నా. ఉద్యోగం తీసేస్తానంటే తీసెయ్యండి."

ఆయన ఇంకా ఏదో అనబోతుంటే ఫోను మోగింది. గుడివాడ నుంచి ఒక ముసలావిడ. నేను ఎత్తగానే "అమ్మయ్య! బతికే ఉందన్నమాట తల్లి. విడిపోతే పోయారు, ప్రాణం కంటే ఎక్కువా!" అని పెట్టేసింది. తర్వాత తిట్టిన ఫోన్లు కూడా వచ్చాయి, లేదని చెప్పను. చీరల కొట్టు వారు తప్పుకున్నారు. మరుసటి వారం ఒక ఎరువుల కొట్టు వచ్చి చేరింది. ఎరువులకి విడాకులతో పేచీ లేదు. ఓనరు గారు నాతో పది రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆయనకే తోచక మాట్లాడారు.

ఆ ఆదివారం తమ్ముడు చల్లపల్లి వెళ్లాడు. సోమవారం పొద్దున్నే ఆఫీసు మెట్ల మీదే చెప్పాడు.

"వచ్చింది అక్కా."

"ఏమంది?"

"ఏమీ అన్లేదు. ఇడ్లీ తింది. నా పక్కన కూర్చుంది. సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడలేదు."

తర్వాతి ఆదివారాలు కూడా అంతే. వచ్చేది, కూర్చునేది, అడిగినదానికి తల ఊపేది. తల్లి పిల్లని పంపగలదు గానీ, మాట్లాడించడం ఆవిడ చేతుల్లో లేదు, కోర్టు చేతుల్లో అంతకంటే లేదు. సీరియల్ మాత్రం రోజూ ఏడింటికి నడిచేది.

పదమూడో భాగంతో అది అయిపోయింది. అయిపోయిందనడం కూడా తప్పు. తండ్రి పిల్లల్ని తల్లి ఇంటికి తీసుకెళ్లడానికి కారెక్కిస్తాడు, కారు కదలదు, అంతటితో సరి. అమెరికాలో అక్కడే ఆపేశారట. ఆ తర్వాత ఏమైందని జనం వారం రోజులు అడిగారు. మాకూ తెలియదు. ఏడింటికి మళ్లీ పాత సినిమా పాటలు పెట్టాం.

నాలుగో రోజు సాయంత్రం అవనిగడ్డ నుంచి ఫోను వచ్చింది. గొంతు గుర్తుపట్టాను.

"ఏవండీ, మీ సీరియల్ ఆపేశారంట కదా."

"అయిపోయిందమ్మా."

"మీకు అయిపోయింది. ఇక్కడ పిల్ల ఏడింటికి టీవీ ముందు కూర్చుని ఏడుస్తంది. ఏడింటికి ఆయన్ని మా ఇంటికి ఫోను చెయ్యమనండి. రోజూ."

నంబరు చెప్పి పెట్టేసింది.

తమ్ముడికి చెబితే ముందు నమ్మలేదు. ఏడింటికి మా ఆఫీసు ఫోను ముందు కూర్చున్నాడు. చెయ్యి రిసీవరు మీద పెట్టి తీశాడు, మళ్లీ పెట్టాడు. ఊళ్లకి ఊళ్లు మైకులో అరిచి పిలిచిన మనిషి, నా వైపు చూశాడు.

"ఏం మాట్లాడాలో రాసివ్వండి అక్కా."

"రాయను తమ్ముడూ. నేను రాసింది చాలు."

అతను నంబరు తిప్పాడు. అవతల ఎత్తిన చప్పుడు వినపడింది. మేమెవరమూ రాయని మాట, అతని నోటి నుంచి తనంతట తానుగా వచ్చింది.

"అమ్మ బాగుందా నాన్నా?"

మా ఆఫీసు ఫోను పాతది, అవతలి మాట గదిలో అందరికీ వినపడేది. అన్ని వారాల తర్వాత ఆ పిల్ల అతనితో మాట్లాడింది.

"ఉంది నాన్నా. ఇక్కడే నా పక్కనే ఉంది. ఇమ్మంటావా?"

అతను మళ్లీ నా వైపు చూశాడు. నేను అవునని తల ఊపలేదు, కాదనీ ఊపలేదు. గదిలోంచి లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.